పనికి పేరు పెట్టేదెవరు?

రేకు గరాటుకి కాడ ఊడదీసి, పక్కన నిలువునా కత్తిరించి, విప్పి నేలమీద పరిస్తే ఏ ఆకారం వస్తుంది? నేనడిగినవాళ్ళలో చాలామంది నలుపలక అన్నారు. పైన కురచగా, కింద వెడల్పుగా ఉండే పలక అని ఇంకొందరన్నారు. రెండూ కాదు. వచ్చేది మడత విసనకర్రని సగం విప్పినట్టుండే ఆకారం. పైనా కిందా రెండు వంపు గీతలు, పక్కల రెండు తిన్నని గీతలు. గుండ్రంగా, వాలుగా నిలబడే వస్తువు ఏదైనా సరే, ముందు ఈ విసనకర్రగా బల్ల మీద పుట్టాలి. దాన్ని ఊహించగలగడమే పనిలో సగం. ఊహించి గీయగలగడం ఇంకో పావు. మిగిలిన పావు మాత్రమే కత్తిరించడం, వంచడం, అతకడం.

ఈ వ్యాసం ఆ గీత గురించి. ఎవరు గీస్తే అది నైపుణ్యం అవుతుంది, ఎవరు గీస్తే 'ఏదో చేతి అలవాటు' అవుతుంది అన్న ప్రశ్న గురించి.

హైదరాబాదు బాలానగర్‌లో మా తమ్ముడికి చిన్న ఫేబ్రికేషన్ షెడ్డు ఉంది. అక్కడ లెక్కలు, జీతాల రిజిస్టరు రాసేది నేను. షెడ్డులో ఎక్కువగా చేసేది డీజిల్ జనరేటర్ల పొగ గొట్టాలు. అపార్ట్‌మెంట్ల వెనకా, ఆసుపత్రుల వెనకా, ఫంక్షన్ హాళ్ళ వెనకా కరెంటు పోగానే గర్జించే జనరేటరుకి పొగ బయటికొచ్చే నోరు చిన్నదిగా ఉంటుంది. ఆ పొగని అక్కడికక్కడ వదిలెయ్యడానికి లేదు. కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారం గొట్టం భవనం కంటే ఎత్తుకి పోవాలి. ఎంత ఎత్తంటే, జనరేటరు కె.వి.ఎ.కి వర్గమూలం కట్టి, అందులో అయిదో వంతు మీటర్లు. 100 కె.వి.ఎ. జనరేటరైతే భవనం మీద ఇంకో 2 మీటర్లు. అంత దూరం సన్నగొట్టంలో పోవాలంటే పొగకి దారి చాలక ఇంజను మీదకే ఒత్తిడి పెడుతుంది. ఇంజను వేడెక్కుతుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది. అందుకని నోటి దగ్గర సన్నగా ఉన్న గొట్టాన్ని కాస్త దూరంలో లావు గొట్టంతో కలపాలి. ఆ రెంటినీ కలిపే రేకు గరాటునే రెడ్యూసర్ అంటారు.

ఈ పేరులోనే ఒక తమాషా ఉంది. పొగ దృష్టితో చూస్తే అది తగ్గించేది కాదు, పెంచేది. సన్న దారి నుంచి వెడల్పు దారిలోకి తీసుకుపోతుంది. అయినా పేరు మాత్రం లావు వైపు నిలబడి పెట్టిన పేరు. వస్తువు ఒకటే, ఏ వైపు నుంచి చూశామన్నదాన్ని బట్టి పేరు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

ఇప్పుడు కొంచెం లెక్క. ఓపిక పట్టి చదవమని కోరుతున్నాను, ఎందుకంటే లెక్క చూడకుండా నైపుణ్యం గురించి మాట్లాడితే అది గాలిమాటే అవుతుంది. మేం నాలుగంగుళాల పైపు అని పిలిచేదానికి బయటి వ్యాసం 114 మిల్లీమీటర్లు. ఆరంగుళాల పైపుకి 168. ఈ రెంటినీ కలిపే గరాటు ఎత్తు 120 అనుకుందాం. రెండు వ్యాసాలకీ తేడా 54, అందులో సగం 27. 120 ఎత్తు, 27 అడ్డం ఉన్న త్రికోణానికి వాలు 123. ఆ వాలు గీతల్ని రెండు వైపులా పైకి పొడిగించుకుంటూ పోతే ఎక్కడో ఒక బిందువు దగ్గర కలుస్తాయి. అక్కడ మేకు కొట్టి, 383 మిల్లీమీటర్ల దూరంలో ఒక వంపు, 260 దూరంలో ఇంకో వంపు గీయాలి. రెంటి మధ్యా 79 డిగ్రీల మేర ముక్క కోసుకోవాలి. రేకు మందాన్ని బట్టి చేసే చిన్న సవరణ పక్కన పెడితే, ఇదే మొత్తం రహస్యం. షెడ్డులో దీన్ని ఎవరూ సూత్రాలతో చెయ్యరు. నేలమీద సుద్దముక్కతో నిలువు బొమ్మ అసలు కొలతల్లోనే గీసి, గీతలు పొడిగించి, తాడో ట్రామెలో తిప్పి వంపులు గీస్తారు. దీన్నే మార్కింగ్ అంటారు. షెడ్డులో అన్నిటికన్నా గౌరవం ఉన్న పని, అన్నిటికన్నా ఎక్కువ కూలి ఉన్న పని ఇదే. మార్కింగ్ చేసే మిస్త్రీ మిగతావాళ్ళకి కొంచెం వీపు తిప్పి గీస్తాడు. తన కొలత రేకుల్ని తన మేకుకే తగిలించుకుంటాడు.

ఇదే బొమ్మ ఇంకో బల్ల మీద కూడా రోజూ పుడుతోంది. అంబ్రెల్లా కట్ లంగా కుట్టే ప్రతి దర్జీ బల్ల మీదా. నడుం 28 అంగుళాలనుకోండి. అర వృత్తం లంగాకైతే నడుం కొలతని మూడుతో భాగించి కాస్త తగ్గిస్తారు, అంటే తొమ్మిదికి లోపు. పూర్తి వృత్తానికైతే ఆరుతో భాగిస్తారు. గుడ్డని మడిచి, ఒక మూల టేపు చివర వేలితో నొక్కిపెట్టి, రెండో చేత్తో సుద్ద తిప్పుతారు. నడుం దగ్గర ఒక వంపు, అంచు దగ్గర ఒక వంపు. మేకు బదులు చూపుడువేలు, తాడు బదులు టేపు. నడుం చిన్న నోరు, కింది ఘేరు పెద్ద నోరు, లంగా పొడవే వాలు. జ్యామితి పుస్తకానికి ఈ రెండు పనుల మధ్యా తేడా ఏమీ తెలియదు.

మా షెడ్డులో హెల్పరుగా చేరిన ఒకామెకి ఆ సంగతి తెలుసు. పేరు రాయను, షెడ్డులో అందరూ ఆమెని అక్కా అనే పిలుస్తారు. అంతకుముందు ఇరవయ్యేళ్ళు ఇంట్లో కుట్టుమిషను తొక్కింది. రెడీమేడ్లు వచ్చి కుట్టుపని తగ్గిపోయాక మా దగ్గర కోసిన అంచులు ఆకురాయితో రుద్దడానికి, వెల్డింగు మరకలు గీకడానికి, తయారైన గొట్టాలకి అల్యూమినియం పెయింటు వెయ్యడానికి చేరింది. షెడ్లలో ఆడవాళ్ళకిచ్చే పనులవే. మార్కింగ్ మిస్త్రీ రాని రోజొకటి వచ్చింది. అర్జెంటు జాబు ఆగిపోయింది. పాత కొలత రేకు ఒకదాన్ని కాసేపు తిప్పి చూసి, "ఇది అంబ్రెల్లా కట్టే గద సార్" అంది మా తమ్ముడితో. గీసింది. పైగా విసనకర్ర ముక్కల్ని ఒకదాని వీపు ఇంకోదాని కడుపులో ఒదిగేలా రేకు మీద పేర్చింది. గుడ్డ మిగిల్చిన చెయ్యి కదా, రేకు కూడా మిగిల్చింది.

అంత తేలికగా అయిపోయిందని చెప్పడం లేదు. గుడ్డా రేకూ ఒకటి కాదు. ఏటవాలుగా కోసిన గుడ్డ సాగుతుంది, చిన్న తప్పుంటే అది సర్దుకుంటుంది. రేకు సర్దుకోదు, పైగా వంచిన తరవాత కాస్త వెనక్కి విచ్చుకుంటుంది. కుట్టుకి లోపలికి మడిచే గుడ్డ వదలాలి. అంచుకి అంచు ఆనించి వెల్డింగు చేసే రేకుకి అలా వదిలితే నోరు పెద్దదైపోతుంది. రేకు మందంగా ఉంటే లోపలి కొలత వేరు, బయటి కొలత వేరు. మార్కింగ్ మధ్య కొలతకి చెయ్యాలి. ఇవన్నీ ఆమె మా షెడ్డులోనే నేర్చుకుంది. కొన్ని నెలలు పట్టింది. నేర్చుకున్నది ఏమిటంటే రేకు స్వభావం. బొమ్మ ఆమె దగ్గర ముందే ఉంది.

అసలు ప్రశ్న ఆ తరవాత మొదలైంది. జీతాల రిజిస్టరులో ఆమె పేరుకి ఎదురుగా 'హెల్పర్' అని ఉంది. ఇప్పుడేం రాయాలి? తమ్ముడు చెడ్డవాడు కాదు. ఆమెకి నష్టం చెయ్యాలని అతనికి లేదు. "అక్కా, పైసలు కావాలంటే ఎక్కువే ఇద్దాం. మార్కింగ్ చేసిన రోజుకి వేరే లెక్క గట్టు. గానీ రిజిస్టర్ల పేరు మార్చకు. మిస్త్రీలు ఊకోరు" అన్నాడు.

డబ్బిస్తాం, పేరివ్వం. ఇందులో అన్యాయం ఉందా? ఉంటే ఎక్కడుంది? ఎవరూ ఎవరి కూలీ ఎగ్గొట్టడం లేదు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఆమె కూడా, "పేరుతో నాకేం పనమ్మా, పైసలొస్తే చాలు" అనే అంది. పుచ్చుకునే మనిషే చాలంటున్నప్పుడు అన్యాయమని అనడానికి నేనెవర్ని? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు తినేసింది. అందుకే నైపుణ్యం అనే మాటకి అర్థమేమిటో ఒక్కొక్కటిగా విప్పి చూడాల్సివచ్చింది.

మొదట వినపడే సమాధానం బరువు, నిప్పు. ఇనుము పని ప్రమాదకరం, కష్టం, అందుకే దానికి ఎక్కువ కూలి, అందుకే అది మగవాళ్ళ పని. కానీ షెడ్డులోకి వచ్చి చూడండి. మార్కింగ్ అన్నిటికన్నా చల్లని పని. బరువు లేదు, నిప్పురవ్వ లేదు, పొగ లేదు. సుద్ద, స్క్రైబరు, కంపాసు. ప్రమాదానికే కూలి కట్టేటట్టయితే గ్రైండరు పట్టుకున్న కుర్రాడికీ, వెల్డింగు మరకలు గీకుతూ ఇనప రజను పీల్చే ఆడమనిషికీ ఎక్కువ రావాలి. వాళ్ళకే అందరికన్నా తక్కువ. కాబట్టి మనం కూలి కట్టేది బరువుకి కాదు.

రెండో సమాధానం తెలివి. మార్కింగులో లెక్క ఉంది, శాస్త్రం ఉంది, కుట్టుపనిలో ఉన్నది చేతి అలవాటు. తత్వవేత్త గిల్బర్ట్ రైల్ 1949లో రాసిన పుస్తకంలో 'ఫలానాది నిజమని తెలియడం', 'ఎలా చెయ్యాలో తెలియడం' అని రెంటినీ విడదీసి, రెండోది మొదటిదానికి నీడ కాదనీ, అది దానంతటదే ఒక తెలివి అనీ వాదించాడు. మంచి మాటే. కానీ మా షెడ్డులో ఆ విభజన కూడా అవసరం లేదు. మిస్త్రీకి సూత్రం తెలియదు, ఆమెకీ తెలియదు. ఇద్దరికీ తెలిసింది ఎలా చెయ్యాలో. ఇద్దరూ ఒకే వంపుని ఒకే పద్ధతిలో గీస్తారు. ఒకరి 'ఎలా' శాస్త్రమై, ఇంకొకరి 'ఎలా' అలవాటు ఎప్పుడైంది?

ఇక్కడ స్త్రీవాద అర్థశాస్త్రం చెప్పినమాట గుర్తొస్తుంది. ఆన్ ఫిలిప్స్, బార్బరా టేలర్ 1980లో రాసిన వ్యాసంలో నైపుణ్యం అనే వర్గీకరణ పనిలోంచి పుట్టడం లేదనీ, చాలాసార్లు చేసే మనిషి ఎవరన్నదాన్ని బట్టి పుడుతోందనీ వాదించారు. స్త్రీలు చేస్తే ఆ పని విలువ తగ్గినట్టు లెక్క. ఆ మరుసటి ఏడాది డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ మూడో ప్రపంచ దేశాల్లోని ఎగుమతి ఫ్యాక్టరీల గురించి రాస్తూ ఇంకో అడుగు ముందుకేశారు. ఆడవాళ్ళ వేళ్ళు పుట్టుకతోనే చురుకైనవని యాజమాన్యాలు మెచ్చుకుంటాయి. కానీ ఆ చురుకు పుట్టుకతో రాలేదు, చిన్నప్పటినుంచీ తల్లుల దగ్గర కుట్టుపనిలో శిక్షణ పొందితే వచ్చింది. ఆ శిక్షణ ఇంట్లో, జీతం లేకుండా, సర్టిఫికెట్టు లేకుండా జరిగింది కాబట్టి దాన్ని ప్రకృతి ఖాతాలో వేసేస్తారు. ప్రకృతి ఇచ్చినదానికి ఎవరూ కూలి కట్టక్కర్లేదు కదా.

ఇది ఎక్కడో జరిగిన కథ కాదు. మన చేతివృత్తులన్నిటా ఇదే వరస. మగ్గం మీద కూచున్నవాడు నేతగాడు. నూలు తోడి, కండెలు చుట్టి, అచ్చు అతికిన ఆమె నేతగాడి భార్య. కొలిమి దగ్గర తిత్తి ఊదిందీ, సమ్మెట ఎత్తి వేసిందీ ఆమే అయినా కమ్మరి అన్న పేరు ఆయనదే. కులం ఒక వృత్తికి పేరు పెడితే, ఆ పేరుని ఇంట్లో మగవాడి దగ్గరే ఉంచింది పితృస్వామ్యం. నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాల్లో బీడీలు చుట్టే స్త్రీలని చూడండి. నానబెట్టిన తునికాకు మీద కొలత రేకు పెట్టి కత్తెరతో కోస్తారు. ఒక చివర సన్నగా, ఇంకో చివర లావుగా ఉండేలా చుట్టి, మూతి మడిచి దారం కడతారు. పొగ నడిచే గొట్టమే అది కూడా, ఆకుతో చేసినది. వెయ్యి చుడితే ఇంత అని లెక్క. వెయ్యీ ఒకే వాలుతో రావడాన్ని నైపుణ్యం అని ఏ రిజిస్టరూ రాయదు.

మూడో సమాధానం, అన్నిటికన్నా నిజాయితీ ఉన్నది, మా మిస్త్రీ ఇచ్చాడు. ఆమె చేత మార్కింగ్ చేయిస్తున్నారని తెలిశాక ఆయన నా దగ్గరికే వచ్చాడు. "నేను పన్నెండేండ్లప్పుడు షెడ్డుల పడ్డ మేడం. ఉస్తాదు తన్నులు తిన్న. చాయ్ తెచ్చిన, షెడ్డు ఊడ్చిన. ఆరేండ్లకు గీత గియ్యనిచ్చిండు. ఆమె ఇంట్ల కూసోని నేర్సుకున్నదా ఇది?" అన్నాడు. ఆయన గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువుంది. నేనా బాధని తీసిపారెయ్యలేను. ఆయనకి నైపుణ్యం అంటే చెల్లించిన వెల. బాల్యం పెట్టి కొనుక్కున్నది. దాన్ని ఎవరో ఉచితంగా పట్టుకుపోతున్నట్టు అనిపించింది.

కానీ ఉచితంగా ఎవరు నేర్చుకున్నారు? ఆమె కూడా పన్నెండేళ్ళకే మిషను ముందు కూచుంది. బడి మానేసి కూచుంది. పెళ్ళికి ముందు కుట్టిన డబ్బు తండ్రికి పోయింది, తరవాత కుట్టిన డబ్బు ఇంటి అద్దెకి పోయింది. జాకెట్టు బిగుతైతే గుడ్డ ఖరీదు తనే కట్టింది. రాత్రిళ్ళు దీపం కింద కాజాలు కుట్టి కళ్ళు పోగొట్టుకుంది. ఇద్దరూ వెల చెల్లించారు. ఆయన చెల్లించిన వెలకి సాక్షులున్నారు, ఉస్తాదు ఉన్నాడు, షెడ్డు ఉంది. ఆమె చెల్లించినది నాలుగ్గోడల మధ్య చెల్లించింది. దానికి రసీదు లేదు. అంతే తేడా. బాధ పడితేనే నైపుణ్యం అని ఒప్పుకుందామన్నా ఆమె లెక్క తక్కువేం కాదు. నిజానికి ఒప్పుకోకూడదు. పిల్లల్ని తన్ని నేర్పే పద్ధతిని నైపుణ్యానికి కొలమానం చేస్తే రేపటి పిల్లలకి కూడా తన్నులే మిగులుతాయి.

మరి చట్టం ఏమంటుంది? 1976లో వచ్చిన సమాన వేతన చట్టం ఒకే పనికీ, ఒకే తరహా పనికీ ఆడామగా తేడా లేకుండా సమానంగా ఇవ్వాలంది. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. అందులోనూ ఆ మాటే ఉంది. ఒకే తరహా పని అంటే నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత ఒకటిగా ఉండాలి, పని పరిస్థితులు ఒకేలాంటివై ఉండాలి అని నిర్వచనం. చదవడానికి బాగుంది. కానీ ఇక్కడ కొలబద్ద 'నైపుణ్యం'. ఆ కొలబద్ద మీద గీతలు ముందే ఒకవైపు నిలబడి గీసినవైతే దాంతో కొలిచి లాభమేమిటి? రేకు కోసేవాడికీ, గుడ్డ కోసేదానికీ పోలిక పెట్టమని ఎవరూ అడగరు, ఇద్దరూ వేరువేరు పరిశ్రమలు, వేరువేరు షెడ్యూళ్ళు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన 100వ ఒడంబడిక వాడిన మాట వేరు: 'సమాన విలువ గల పని'. భారతదేశం దాన్ని 1958లోనే ఆమోదించింది. ఒకే తరహా పని అంటే ఒకే షెడ్డులోపల చూస్తాం. సమాన విలువ అంటే షెడ్డు గోడ దాటి టైలరింగు బల్ల దాకా చూడాల్సివస్తుంది. మన చట్టం ఆ గోడ దాటలేదు. ఐ.టి.ఐ.లలో షీట్ మెటల్ వర్కర్ కోర్సూ ఏడాదే, డ్రెస్ మేకింగ్ కోర్సూ ఏడాదే. బయటికొచ్చాక ఆ రెండు ఏడాదులకీ ఒకే విలువ ఉండదు.

ఇక డబ్బా, పేరా అన్న ప్రశ్న. దీనికి చరిత్రలో ఒక జవాబు ఉంది. అది ఇంగ్లాండులోని డేగన్‌హామ్ ఫోర్డు కార్ల ఫ్యాక్టరీలో దొరుకుతుంది. రేకుతో కారు ఒళ్ళు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో సీట్లకి తొడుగులు కుట్టే స్త్రీలుండేవారు. యాజమాన్యం పనుల్ని తరగతులుగా విభజించినప్పుడు వాళ్ళని నైపుణ్యం తక్కువున్న 'బి' తరగతిలో పడేసింది. పైగా ఆ తరగతిలోని మగవాళ్ళకిచ్చేదాంట్లో 85 శాతమే ఇచ్చేది. 1968లో 187 మంది కుట్టుపనివాళ్ళు సమ్మె చేశారు. మూడు వారాలకి కార్ల ఉత్పత్తే ఆగిపోయింది. మంత్రి బార్బరా కాజిల్ జోక్యంతో వాళ్ళ కూలి మగవాళ్ళ రేటులో 92 శాతానికి పెరిగింది. 1970లో సమాన వేతన చట్టం వచ్చింది. లోకం దాన్ని సమాన వేతన విజయంగా గుర్తుపెట్టుకుంది. కానీ ఆ స్త్రీలు మొదట అడిగింది అది కాదు. మా పనిని నైపుణ్యమున్న పనిగా గుర్తించి 'సి' తరగతిలో పెట్టండి అని అడిగారు. డబ్బు 1968లో వచ్చింది. పేరు రావడానికి ఇంకో సమ్మె చేసి 1984 దాకా ఆగాల్సివచ్చింది. పదహారేళ్ళు. డబ్బివ్వడం కన్నా పేరివ్వడమే కష్టమన్నమాట. అంత కష్టంగా ఉందంటేనే అందులో ఏదో ఉన్నట్టు లెక్క.

ఏముంది అందులో? ఆలోచిస్తే నాకు మూడు కనిపించాయి. ఒకటి, అదనంగా ఇచ్చే డబ్బు దయ. తమ్ముడి మనసు మారితే పోతుంది, షెడ్డు మూతపడితే పోతుంది. పేరు ఆమెతో పాటు నడుస్తుంది. పక్క షెడ్డుకి వెళ్ళి 'నేను మార్కింగ్ చేస్తాను' అని చెప్పుకోగలదు, రుజువు చూపించగలదు. రెండు, పేరున్నవాళ్ళనే అడుగుతారు. గరాటు నోరు కలవకపోతే వెల్డరు ఆ సందుని లోహంతో నింపి కప్పెయ్యొచ్చు. పైన పెయింటు వేస్తే కనపడదు. కానీ అక్కణ్ణించి పొగ కారితే అందులో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. మూసిన జనరేటరు గదిలో పడుకునే వాచ్‌మన్ ప్రాణం ఆ సందు మీద ఆధారపడి ఉంటుంది. 'ఈ ముక్క పనికిరాదు, మళ్ళీ కొయ్యండి' అనే మాట హెల్పరు అంటే ఎవరూ వినరు. మార్కింగ్ మనిషి అంటే వినక తప్పదు. మాటకి బరువు పేరు నుంచి వస్తుంది. మూడు, పేరున్నవాళ్ళే నేర్పగలరు. హెల్పరు దగ్గర నేర్చుకోవడానికి ఏ కుర్రాడూ ఒప్పుకోడు. నేర్పే హక్కు లేని జ్ఞానం ఆ మనిషితోనే పోతుంది. మన అమ్మమ్మల జ్ఞానం ఎంత ఇలాగే పోయిందో.

'పైసలొస్తే చాలు' అని ఆమె అన్నమాటకి ఇప్పుడు నా జవాబు ఇది. అడగకపోవడం అక్కర్లేకపోవడం కాదు. ఒక మనిషికి ఏది దొరుకుతుందో తెలిసినప్పుడు ఆ మేరకే అడుగుతుంది. అది ఆమె వివేకం. దాన్ని సాకుగా తీసుకుంటే అది మన తప్పు. అప్పు ఇచ్చినవాళ్ళు మర్చిపోయినా బాకీ బాకీయే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ మధ్య వంటింట్లో రసాయనశాస్త్రం ఉంది, ముగ్గులో గణితం ఉంది అని పొగడటం మామూలైపోయింది. పొగిడి అక్కడే ఉంచేస్తారు. ముగ్గులో గణితం ఉందన్నంత మాత్రాన ముగ్గేసే ఆమె చేతికి కంపాసు రాదు. స్త్రీల పనిని కీర్తించడం వేరు, స్త్రీలకి పనిముట్టు అందించడం వేరు. ఆమె కుట్టుపని గొప్పదని వ్యాసం రాసి, రిజిస్టరులో హెల్పర్ అని ఉంచితే ఆ వ్యాసం కూడా అల్యూమినియం పెయింటు లాంటిదే. కింద సందు అలాగే ఉంటుంది.

రిజిస్టరులో నేను 'మార్కింగ్ - స్కిల్డ్' అని రాశాను. తమ్ముడు రెండు రోజులు మాట్లాడలేదు. తరవాత సంతకం పెట్టాడు. మిస్త్రీ ఆ నెలాఖరుకి మానేసి వేరే షెడ్డుకి వెళ్ళిపోయాడు. ఆయనలాంటి పనివాడు పోవడం మాకు నష్టమే. ఆయన నష్టపోయిందేమిటో మాత్రం ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. ఆయన కూలి తగ్గలేదు, ఆయన పేరు తగ్గలేదు. ఒక ఆడమనిషి పక్కన అదే పేరు రాస్తే తన పేరు చిన్నదైపోయిందని ఆయనకి అనిపించింది. ఆయన నిలబడ్డ వైపు నుంచి చూస్తే అది తగ్గింపు. ఆమె వైపు నుంచి చూస్తే, అప్పటిదాకా సన్నదారిలో వెనక్కి తన్నుకుంటున్న ఊపిరికి కాస్త వెడల్పైన దారి.

ఆ దారికి పేరు పెట్టే హక్కు ఇంతకాలం లావు వైపు వాళ్ళ దగ్గరే ఉంది. రెండో నోటి దగ్గర నిలబడి చూసినవాళ్ళం మనం. మనకి కనపడినదాన్ని మన పేరుతో పిలవడం, ఆ పేరుని రిజిస్టర్లలో, మస్టర్లలో, సర్టిఫికెట్లలో, అనుభవ పత్రాల్లో రాయించుకోవడం మన బాధ్యత. కలం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు అక్కడ మొదలుపెట్టొచ్చు. ఆమె ఇప్పుడు ఒక కుర్రాడికి మార్కింగ్ నేర్పుతోంది. వీపు తిప్పి కాదు, ఎదురుగా కూచోబెట్టుకుని. ముందు గుడ్డ మీద గీయిస్తోంది, తరవాత రేకు మీద.